విమానం ఎక్కినానన్న మాట

తన తమ్ముడు ఎక్కని విమానం కోసం నా భార్య శవం ఒక పగలంతా వాకిట్లో ఎదురుచూసింది. ఏడాది తర్వాత, సంవత్సరీకం నాడు, వాడు చీర తీసుకుని కొమరోలు వచ్చినాడు.

"బావా, లోపలికి రానా?"

"కువైట్ నుంచి హైదరాబాదుకు ఎంతసేపురా?"

"నాలుగున్నర గంటలు."

"అక్కడి నుంచి ఇంటికి?"

"కారులో ఏడు గంటలు. ఇప్పుడెందుకు బావా అదంతా?"

"ఆ పొద్దు నేనూ ఇట్లే లెక్కేసుకున్నా. మూడు వేల కిలోమీటర్ల పైన దాటి వస్తాండాడు, పుట్టింటి చీర కప్పందే లేపొద్దని అందరినీ ఆపినా. విమానం ఎక్కినానని ఫోన్‌లో నువ్వే చెప్తివి."

"నేను పనిచేసే కాడ సేటు నా పాస్‌పోర్టు తిరిగి ఇయ్యలేదు బావా. రాలేనని చెప్పేదానికి నోరు రాలేదు."

"ఆ ఒక్క మాట చెప్పింటే పొద్దున్నే సాగనంపేవాణ్ణి. మధ్యాహ్నం కరెంటు పోయి ఐస్‌బాక్సు ఆగిపోయింది. ఈగలు తోలుకుంటా కూర్చున్నా."

"తప్పు నాదే. ఆ పొద్దు కప్పలేకపోయిన పుట్టింటి చీర ఇదేనని చెప్పి అందరి ముందర అక్క పటం కాడ పెట్టనీ."

"కవర్లోంచి తీసినావంటే చూడు! గిద్దలూరులో నేనే చీర తెప్పించి, నువ్వు పంపినావని చెప్పి కప్పినా. ఇది చూస్తే అప్పటి చీర ఎవరిదని అడుగుతారు."

"నా పరువు కాపాడినావా బావా?"

"నీకు పరువేంది? పుట్టినిల్లు లేనిదాని మాదిరి ఆమె పోకూడదని చేసినా."

"బావా, ఒక్క మాట..."

"చీర బ్యాగులో పెట్టుకో. అన్నం తిని పో. ఈ సంగతి నేను చచ్చేదాకా మళ్ళీ ఎత్తను. నువ్వు ఎత్తితే ఈ గడప తొక్కొద్దు."