సగం మాట

గద్వాలలోని ఆ ఇంట్లో తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డాడు. ముందు గదిలో కూతురు కంప్యూటర్ మీద వంగి టకటకా కొడుతోంది. ధరూర్ నుంచి అప్పుడే దిగిన మేనత్త ఆమె వెనక నిలబడింది.

"ఏం రాస్తున్నవే?"

"ప్రోగ్రాం అత్తా. డిక్షనరీ ఫైల్లకెల్లి 'బా' తోని మొదలయ్యే మాటలు, వాటికి దగ్గరి మాటలు ఏరుతది."

"గవెందుకు?"

"దవాఖాన నుంచి వచ్చిన కాడికెల్లి నాయిన 'బా' అంటుండు, గంతే. మిగిలిన సగం నోట్లకెల్లి వస్తలేదు. ఏం కావాల్నో తెల్వక పరేషాన్ అయితుంది."

"ఏమేం దొరికినయి?"

"బావి, దాని పక్కన మోటరు. బాధ, దాని పక్కన నొప్పి. అన్నీ సదివిన. దేనికీ తల ఊపలేదంట, అమ్మ చెప్పింది."

"నువ్వు చూడలేదా?"

"ఈడికెల్లే గట్టిగ సదివిన. మళ్ల కొట్టాలె గద, లేస్తే ఎట్ల?"

లోపలి నుంచి వినిపించింది. "బా."

"మా అమ్మది రాయచూరు. చిన్నప్పుడు నేను, మీ నాయిన ఇంట్ల కన్నడమే మాట్లాడుకునేది."

"అయితే?"

"అది సగం మాట కాదే. 'బా' అంటే 'రా' అని."