ఇన్నయ్య పెంచిన కంపెనీలు

నరసరావుపేట బస్టాండు పక్కన రసూల్ టీ కొట్టు ముందు ఉన్నవి రెండే బల్లలు. సాయంత్రమైతే ఆ రెండింటి మీదా మేమే. మేమంటే ఎద్దుబండి తోలే ఏసోబు, పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసే నేను, ఇంకో నలుగురైదుగురు. మా మధ్యలో కాలు మీద కాలేసుకుని, రేకు బోర్డులు రాసే ఇన్నయ్య. చొక్కా మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉండేది. కోతలు కొయ్యని రోజు మాత్రం ఉండేది కాదు.

ఆ రోజు రసూల్ మొహం బాగా వాడిపోయి ఉంది. ఎదురుగా కొత్త కాఫీ హోటలు పడింది. అక్కడ పంకా తిరుగుతుంది, రేడియో మోగుతుంది. బస్సు దిగినవాళ్ళు ఇటొకసారి చూసి అటే వెళ్ళిపోతున్నారు.

“శివరాత్రి దాకా చూస్తానన్నా. ఆ తర్వాత కొట్టు మూసేసి మా బామ్మర్ది కాడికి బెజవాడ పోతా. లారీల షెడ్డులో ఏదో పని ఇప్పిస్తానంటన్నాడు” అన్నాడు రసూల్.

తడిక వెనక వాళ్ళావిడ జైనాబ్ బీ గ్లాసులు కడుగుతోంది. ఆ మాటకి గ్లాసులు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి. ఆమె నాన్న పెట్టిన కొట్టు అది.

ఇలాంటి మాట వింటే మామూలు మనిషికి జాలేస్తుంది. ఇన్నయ్యకి కథ గుర్తొస్తుంది.

“మూసెయ్యటమేందిరా రసూలూ? మూతపడబోయే కంపెనీలు ఎన్నిటిని లేపి నిలబెట్టానో నీకేం తెలుసు! నన్ను చూసి మీరంతా బోర్డులు రాసేవోడనుకుంటన్నారు. బోర్డులు పైకేరా. లోపల నే చేసేది కంపెనీలు పెంచటం. పొగుడుకోకూడదు గానీ, మాచర్ల అవతల ఒక బీడీల కంపెనీ ఉండేది. పేరెందుకులే, పెద్దోళ్ళు. సరుకంతా గోడౌన్లో మూలుగుతంది. షావుకారు నన్ను పిలిపించి, ‘ఇన్నయ్యా, ఎర్ర రంగుతో ఇంత పెద్ద బోర్డు రాయి, జనం ఎగబడాల’ అన్నాడు. నేను కుంచె కింద పెట్టేశా. ‘అయ్యా, బోర్డు చూసి వచ్చినోడు బీడీ చూసి పోతాడు. ముందు నన్ను సంతలో కూకోనీయండి’ అన్నా. కూకున్నా. నీకేం గావాలయ్యా అని ఒక్కణ్ణి అడగలా. అడిగితే అబద్ధం చెప్తారు. చేతులు చూశా. నా పద్ధతంతా అదొక్కటే: కొనేవోడి నోరు వినమాక, చేతులు చూడు! ఏం చేత్తన్నాడు? సగం బీడీ కాల్చి, ఆర్పి, చెవి మీద పెట్టుకుంటన్నాడు. మూట ఎత్తటానికి వంగేసరికి అది జారి పేడలో పడతంది. అంతే, షావుకారు కాడికి పోయి, ‘బీడీకి చెవి వంపు పెట్టు’ అన్నా.”

ఏసోబు చెవి మీద నిజంగానే సగం బీడీ ఉంది. చెయ్యి దానంతటదే పైకి పోయి తడుముకుంది.

“బాగానే ఉంది మావా. నమ్మేట్టుగానే ఉంది” అన్నాడు.

నమ్మేట్టుగా ఉందంటే ఇన్నయ్యకి తలకొట్టేసినట్టుంటుంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వంపు బీడీ చెవికి తగిలిచ్చామా, ఇంక ఊడితే ఒట్టు! ఈత కొట్టినా ఊడదు, కుస్తీ పట్టినా ఊడదు. బీడీ తాగనోళ్ళు కూడా పెట్టుకు తిరగటం మొదలెట్టారు. గురజాల్లో ఒక పెళ్ళికొడుకు, చెవిపోగులు నాకొద్దు, చెవికో బీడీ పెట్టండని పీటల మీద అలిగి కూకున్నాడు. కంసాలోళ్ళు గుంపుగా వచ్చి నా కాళ్ళ మీద పడ్డారు, ‘మా నోట్లో మట్టి కొట్టావు ఇన్నయ్యా’ అని. నాకు మనసు కరిగిపోయి, ‘పోండి, మీరూ బంగారంతో బీడీలు చెయ్యండి’ అన్నా. వాళ్ళ యాపారం కూడా పెరిగింది!”

“మరి ఆ వంపు బీడీ మనకెక్కడా కనపడదేంది?”

“ఎట్టా కనపడిద్దిరా? సరుకంతా ఓడలెక్కి రంగూన్ పోతంటే ఇక్కడ మిగిలేదెక్కడ!”

అంతలో మాచర్ల బస్సొచ్చి ఆగింది. మూటలతో ఒక కుటుంబం దిగింది. టీ కొట్టు వైపు నాలుగడుగులు వేసి, నిండిపోయిన బల్లల్ని చూసి, రోడ్డు దాటి హోటల్లోకి వెళ్ళిపోయింది. రసూల్ గరిటె పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. నాకు లేవాలనిపించింది. కానీ మా వైపు ఒకరు చెబుతుంటే మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు, అందులోనూ ఇన్నయ్య అలిగితే వారం మాట్లాడడు. ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని సర్దుకు కూర్చున్నాను.

“ఈ ముచ్చట మద్రాసు దాకా పాకింది. అక్కడొక గొడుగుల కంపెనీ. ఆ మేనేజరు కారేసుకుని మా గుమ్మం ముందు దిగాడు. ‘ఇన్నయ్య గారూ, మీ పల్నాట్లో ఒక్క గొడుగు పోవటంల్యా’ అని ఒకటే ఏడుపు. వానే లేనికాడ గొడుగెవడు కొంటాడు? సరే, నేను మళ్ళా చేతులు చూశా. గొడుగున్నోడు దాంతో మేకల్ని అదిలిత్తన్నాడు, సద్దిమూట తగిలిచ్చుకుంటన్నాడు, అంతేగానీ తెరవటంల్యా. ఒకరోజు నాలుగు చినుకులు పడ్డై. ఒక ముసలాయన గొడుగు తెరిచి, తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు! ‘నా నెత్తి తడిస్తే ఏం పండిద్దిరా, మిరపచేను తడవాలి గానీ’ అన్నాడు. చూశావా రసూలూ? మనకి గొడుగు వాన ఆపటానికి కాదు, వాన పట్టటానికి! వెంటనే తిరగేసిన గొడుగు చేయిచ్చా. పైన గిన్నె, కింద బోలు కాడ. పడ్డ చుక్క పడ్డట్టు మిరప మొదట్లోకి దిగిద్ది. ఆ ఏడు మిరపకాయ ఎంత కాసిందనుకున్నావ్?”

“అరటికాయంత” అన్నాడు ఏసోబు, సాయం చేస్తున్నట్టు.

“అరటికాయా! అది పిందెరా! కాయని ఇద్దరు మనుషులు కావిడేసి మోశారు. ఒక్క కాయ కోసి మూడూళ్ళోళ్ళు పచ్చడి నూరుకున్నారు. ఆ ఘాటుకి గుంటూరులో జనం తుమ్మారు.”

“తుమ్మితే తుమ్మారుగానీ, గొడుగులు పోయినయ్యా?”

“నీ తొందర పాడుగాను, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేనేజరుకి ఆశ పెరిగింది. ‘అందరికీ ఒక్కసారే తెలవాల ఇన్నయ్య గారూ’ అన్నాడు. నేనన్నా, ‘కోటప్పకొండ తిరనాళ్ళకి ఊరూరూ వెదుళ్ళతో ఆకాశమంత ప్రభ కట్టుకొస్తది గదా, మనం ప్రభంత గొడుగు కడదాం.’ మన దర్జీ షౌకత్ లేడూ, మిషను ఎద్దుబండి మీద పెట్టుకుని, ఆ గొడుగు అంచు ఎమ్మట బండి నడుస్తంటే కుట్టుకుంటా పోయాడు. మొదలెట్టినప్పుడు గెడ్డం నల్లగా ఉంది, చివరి కుట్టుకి తెల్లబడింది. శివరాత్రి పొద్దున తెరిచాం. తిరనాళ్ళంతా నీడ! కొండ కింద జనం, బళ్ళు, ఎడ్లు, మిఠాయి కొట్లు, అంతా ఒకే గొడుగు కింద. అప్పుడొచ్చింది గాలి.”

“అమ్మో” అన్నారెవరో. అబద్ధమని తెలిసి కూడా నాకు గుండె జల్లుమంది. ఇన్నయ్యలో ఉన్న గొప్పతనం అదే మరి.

“గాలికి గొడుగు లేచింది. పిడి పట్టుకున్న మేనేజరు లేచాడు. ఆయన చొక్కా పట్టుకున్న గుమాస్తా లేచాడు, గుమాస్తా పంచె పట్టుకున్న మిఠాయి కొట్టోడు కొట్టుతో సహా లేచాడు! కొండ మూడు శిఖరాల మీదగా పోతన్నారు, కింద జనం మీద జిలేబీలు పడతన్నై. మేనేజరు పైనుంచి అరుస్తన్నాడు, ‘ఇన్నయ్య గారూ, కంపెనీ చానా పైకొచ్చింది, ఇంక దించండీ’ అని. పోయి పోయి శావల్యాపురంలో జొన్నచొప్ప వామి మీద దిగాడు. దిగినోడు ఏడ్చాడనుకుంటన్నారా? పైనుంచి చూస్తే ఏ ఊళ్ళో ఎవడి నెత్తిన గొడుగు లేదో తేటగా కనపడిందంట, గాల్లో ఉండగానే ఆర్డర్లు రాసుకున్నాడు!”

ఇంకో బస్సొచ్చింది. ఇద్దరు పెద్దమనుషులు కాసేపు మా వెనక నిలబడి, జిలేబీల దాకా విని, కాళ్ళు నొప్పులు పుట్టి రోడ్డు దాటారు. రసూల్ పొయ్యి మంట తగ్గించాడు.

“ఇంక దొరల సీమలో కూడా నా పేరు మోగిపోయింది. స్విట్జర్లాండు నుంచి గడియారాల కంపెనీ దొర విమానమేసుకొచ్చి మన పత్తి బేళ్ళ మీద మెత్తగా దిగాడు. ‘రెంటచింతల్లో ఒక్క వాచీ పోలేదు ఇన్నయ్యా’ అన్నాడు, తెలుగులోనే! దారిలో నేర్చుకున్నాడంట. పోయి చేతులు చూశా. మిట్టమధ్యాన్నం ఒక్క చెయ్యి కనపడితే ఒట్టు. ఆ ఎండకి అందరూ తలుపులేసుకుని పడుకున్నారు. పనికిరాని పొద్దుకి గడియారం ఎందుకు? ‘దొరా, ఆ మధ్యాన్నం ముక్క తీసెయ్యి’ అన్నా. తీసేశాడు. ముల్లు పదకొండు కాడికొచ్చి, ఒక్క గెంతు గెంతి నాలుగులో పడిద్ది. ఊరంతా కొన్నారు. కొన్న రోజు పదకొండయింది. అందరి ముళ్ళూ ఒక్కసారే గెంతినై. పైనుంచి సూర్యుడు చూశాడు. ఇంతమంది ఒకటంటంటే నేనొక్కణ్ణే ఇంకోటంటే ఏం బాగుంటదనుకున్నాడు.”

“అనుకుని?”

“ఆయనా గెంతాడు! ఆ ఏడు రోహిణి కార్తెలో రెంటచింతలోళ్ళు గొంగళ్ళు కప్పుకుని చలిమంటలేసుకున్నారు.”

“మరి మొన్నెండాకాలం పిట్టలు రాలిపోయినయ్ గదా మావా!”

“వాచీలకి కీ ఇవ్వటం మానేశారు. అది నా తప్పా?”

బల్లలు విరిగేట్టు నవ్వాం. రసూల్ నవ్వలేదు. భుజం మీది తువాలుతో మొహం తుడుచుకుని, దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“అన్నా, సూర్యుణ్ణే గెంతిచ్చినోడివి. ఈ కొట్టు పోతే నాకింకేం లేదు. నా కొట్టుకీ ఒక్క మాట చెప్పు.”

నవ్వు ఆగిపోయింది. వాడు వేళాకోళానికి అడగడం లేదని అందరికీ తెలిసింది. ఇన్నయ్య గొంతు సవరించుకున్నాడు, గెడ్డం గోక్కున్నాడు. “చూడాలిరా. ముందు కూకోవాల, చేతులు చూడాల. చానా టైం పట్టుద్ది.”

“నే చూశాలే అన్నా” అంది జైనాబ్ బీ.

తడిక పక్కకు జరిపి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మా ముందుకొచ్చి మాట్లాడటం అదే మొదటిసారి.

“నోరు వినగూడదు, చేతులు చూడాల, అంతేగా? ఆ తడిక సందులోంచి నాకు మొహాలు కనపడవు. మీ చేతులే కనపడతై. బీడీల కంపెనీ కాడ ఖాళీ అయిన గ్లాసులు సూర్యుడు గెంతిందాకా ఆ చేతుల్లోనే ఉన్నై. ఇంకో టీ అడగరు, లేవరు. బస్సు దిగినోళ్ళు ముందు మన కాడికే వత్తన్నారు అన్నా. కూచోటానికి చోటేదీ? మొన్న నువ్వు బోర్డులు రాయటానికి శావల్యాపురం పోయినావే, ఆ రోజుల్లో నాకు గ్లాసులు కడగటానికి ఊపిరాడలా. నువ్వొచ్చావు, మళ్ళా నా చేతులు ఊరుకున్నై. మా కొట్టుకి తెగులు ఆ పంకా కాదు, రేడియో కాదు. నువ్వే.”

నేను చేతిలో గ్లాసు వైపు చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. అడుగున టీ ఎండి చారగా అంటుకుపోయి ఉంది. ఇన్నయ్య నోరు తెరిచాడు, మూశాడు. అతనికి మాట దొరక్కపోవడం మేమెవ్వరం చూసి ఎరగం. నిజంగా పాపమనిపించింది.

“అయితే... రాకుండా ఉండమంటావా చెల్లెమ్మా?” అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

“ఎందుకు రావొద్దు? రోజూ రా” అంది జైనాబ్ బీ. “వచ్చి ఆ ఎదురు హోటల్లో కూచుని చెప్పు.”

ముందు ఏసోబు నవ్వాడు. తర్వాత రసూల్. వాడు అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఇన్నయ్య రోడ్డు అవతల తిరుగుతున్న పంకా వైపు కాసేపు చూసి, “చల్లగానే ఉంటదిలే” అని లేచాడు.

మర్నాడు సాయంత్రం ఇన్నయ్య హోటల్లో పంకా కింద కాలు మీద కాలేసుకున్నాడు. కథలో గొడుగు లేచేసరికి హోటలాయనే వెళ్ళి రేడియో కట్టేశాడు. మాచర్ల బస్సు దిగినవాళ్ళు అక్కడ చోటు దొరక్క, రోడ్డు దాటి ఇటొచ్చి, మా పాత బల్లల మీద కూర్చుని, తాగి, లేచి, ఇంకొకళ్ళకి చోటిచ్చారు. తడిక వెనక నుంచి జైనాబ్ బీ గ్లాసులు చాలడం లేదని కేకలేసింది. శివరాత్రి వచ్చింది, వెళ్ళింది. రసూల్ బెజవాడ మాట మళ్ళీ ఎత్తలేదు.

మేము టీ రసూల్ దగ్గర నిలబడి తాగేసి, కథకి అటు వెళ్ళేవాళ్ళం. ఒకరోజు నేను వెళ్ళేసరికి హోటలు కిక్కిరిసి ఉంది. ఇన్నయ్య మంచి ఊపు మీదున్నాడు.

“పేటలోనే ఒక టీ కొట్టు మూతపడబోతంది. నేను పోయి ఒకే ఒక్క పని చేశా. మర్నాడే కొట్టు కిటకిటలాడింది!”

“బోర్డు రాశావా?” అన్నాడొకడు.

“లేదు.”

“సూర్యుణ్ణి దించావా?”

“కాదురా. నే కూకున్న చోటు నుంచి లేచి, బయటికొచ్చా. అంతే.”

హోటలంతా గొల్లుమంది. గొడుగునీ గెంతిన సూర్యుణ్ణీ నోరెళ్ళబెట్టుకుని విన్న ముసలాయన ఒకడు విసుగ్గా చెయ్యి విదిలించాడు.

“కోతలు కోసినా ఒక అదుపుండాలయ్యా ఇన్నయ్యా!”