పసుపంటిన బట్ట

బోధన్‌లో ఆశా వర్కర్ల శిక్షణ హాలు. మిట్టమధ్యాహ్నం, తలుపుకు లోపల గడియ పడింది. చెరుకు కొట్టే కత్తితో తుకారాం నిలబడ్డాడు. అతనికి ఎదురుగా, అరచెయ్యి తెగి రక్తం కారుతున్న పిల్లల కడుపు జబ్బుల డాక్టర్ జ్యోతిరాణి. ఆమె వీపు వెనక స్టోర్ రూమ్ తలుపు, ఆ తలుపు వెనక చెయ్యి విరిగిన ఆశా వర్కర్ హన్మవ్వ. బయట అంబులెన్సులో తుకారాం భార్య సుకన్య, ఒళ్ళో వాళ్ళ యాభై ఎనిమిది రోజుల పాప. అంబులెన్సు స్టార్ట్ చేసే చాబి తుకారాం జేబులో ఉంది.

"పక్కకు జరుగు మేడం."

"జరగ."

"నీతోని నాకు పంచాది లేదు. నాకు హన్మవ్వ గావాలె. జరుగు."

"కత్తి కింద పెట్టు తుకారాం. కింద పెట్టు, మాట్లాడుదం."

"మాట్లాడుడు అయిపోయింది. రెండు నెల్లు మాట్లాడిండ్రు మీరే. ఇంటికొచ్చి మాట్లాడిండ్రు, పాప దొడ్డి రంగు సూసే కార్డు సూపెట్టి మాట్లాడిండ్రు. ఇగ నాది మాట్లాడుడు గాదు."

"ఆమె చెయ్యి విరగ్గొట్టినవ్ కదా. ఇంకా చాలదా?"

"సాలది. ఆ సెయ్యితోనే టిక్కు వెట్టింది. ఇంకో సెయ్యి గూడ ఉన్నది ఆమెకు."

"అన్నా, నా మాట విను..."

"అన్న అనకు. అన్న అంటే సెయ్యి ఆగుతదనుకుంటున్నవ్. ఇందాక ఆగిందా? కత్తి పట్టుకున్నవ్, అరసెయ్యి తెగింది. మల్ల పట్టుకుంటే ఏళ్లు కింద వడుతయ్."

"పడనీ. చాబి ఇయ్యి ముందు."

"హన్మవ్వను ఇయ్యి, చాబి ఇస్త."

"అది బేరమా? నీ బిడ్డ అది. దీక్షిత అని పేరు పెట్టుకున్నరు, మొన్న నువ్వే రాయించినవ్ నిజామాబాద్‌ల. పాప కార్జం నుంచి పేగులకు పసరు దిగే గొట్టం మూసుకపోయింది. పసరు దిగక దొడ్డికి తెల్లగ వస్తుంది. దిగని పసరు లోపల్నే ఆగి కార్జాన్ని పాడు చేస్తది. రెండు నెల్ల లోపల ఆపరేషన్ అయితేనే ఆశ ఎక్కువ. ఇయ్యాల యాభై ఎనిమిది. రేపు పొద్దుగాల హైదరాబాద్‌ల మనకోసం ఆపరేషన్ టేబుల్ ఆపి ఉంచిండ్రు. ఇప్పుడు బయలెల్లితే సాయంత్రానికి పోయి పడ్తం, రాత్రికి రక్తం పరీక్షలయితయ్. నువ్వేమో చాబి జేబుల వేసుకొని నిలబడ్డవ్."

"గంత తెల్సినదానివి ఇన్నొద్దులు ఏడున్నవ్? సెప్పు. యాభై ఎనిమిది దినాలు ఏడున్నవ్?"

"మొన్న దవాఖానల తెల్ల దుప్పటి మీద దొడ్డికి పోయింది పాప. అప్పుడు చూసిన. అంతకుముందు నాకు..."

"నీకు తెల్వదు. హన్మవ్వకు తెల్సు. మూడు పారీలు వచ్చింది మా ఇంటికి. మూడు పారీలు కార్డు దగ్గర వెట్టి సూసింది. పసుపే ఉన్నది, మంచిగున్నది, ఫికర్ జెయ్యకుర్రి అన్నది. పాప ఒళ్లు పసుపున్నది గదా అంటే, పసుపు రాస్తరు గద ఒంటికి, గదే అన్నది. నవ్వుకుంట పోయింది. జరుగు మేడం."

"తలుపు కొట్టకు."

"ఇంకో దెబ్బకు పలక ఊడుతది."

"నా చెవి పక్కనుంచి పోయింది కత్తి. చూసినవా? నా చెవి పక్కనుంచి."

"సూసే కొట్టిన. ఆ ప్రొజెక్టర్ పగిలింది సూడు. ఆ బ్యానర్ మీద నీ ఫొటో రెండు ముక్కలయింది సూడు. కావాలంటే నీకే తాకుతుండె. నీ మీద నాకు కోపం లేదు గాబట్టి తాకలే."

"మేడం, గొళ్ళెం తియ్యుండ్రి. నేనే వస్త."

"హన్మవ్వా, నువ్వు మాట్లాడకు."

"తప్పు నాదే మేడం. వాని బిడ్డ. వాని కడుపు మంట. నన్ను కొట్టి సల్లారితె సల్లారనియ్యి. పాప పోవాలె గదా హైదరాబాద్."

"నువ్వు బయటికొస్తే నిన్ను చంపుతడు."

"సంపుత. ఒప్పుకుంటున్న. సంపుతనే."

"సంపుతడని ఎరికే మేడం. ఇద్దరు ముసలోళ్లను సాకుతున్న గని, వాళ్లను మా చెల్లె దేవవ్వ సూస్తది."

"హన్మవ్వా, ఊకో. తుకారాం, సుకన్య ఏడుస్తుంది బయట. వినవడుతుందా?"

"ఆమె సంగతి తియ్యకు."

"ఎందుకు తియ్యొద్దు? ఆమె పాప కాదా? ఆమెను అడుగుదం. చాబి ఇయ్యమంటదా, వద్దంటదా, ఆమెనే అడుగుదం."

"ఆమె సంగతి తియ్యకు అంటి."

"మొన్న దవాఖానల ఆమె నోరు తెరిస్తే చూసిన. ముందటి పన్ను లేదు. ఏమైంది?"

"బోరింగ్ కాడ జారిపడ్డది. నీల్లకు పోయి జారిపడ్డది. ఇప్పుడు గదెందుకు? పన్ను సంగతి ఎందుకు మేడం?"

"ఊరికే అడిగిన."

"అడగకు. నేనడుగుత. నువ్వు సెప్పు. ఈ పనికి జిల్లాల పెద్ద నువ్వే గదా? బ్యానర్ మీద రాసిండ్రు, నేను సదివిన. రీసెర్చ్ అట, లీడర్ అట. రెండు మండలాలు, నలభై మంది ఆశమ్మలు. వాళ్లందరికి నేర్పింది నువ్వే గదా?"

"నేనే."

"మంచిగ నేర్పినవా?"

"నేర్పిన."

"నేర్పినంక గూడ తెలుపును పట్టుకొని పసుపు అని రాసిందంటే ఆమె గుడ్డిదా? బద్ధకమా? ఇంటికి రాకుంట పైకెల్లి రాసిందా? గదొక్కటి సెప్పు."

"ఆమె వచ్చింది. నువ్వే అన్నవ్ మూడుసార్లు వచ్చిందని."

"వచ్చి సూడలే."

"సూసిన తుకారాం. నా పిల్లల మీద ఒట్టు, సూసిన. నేను సూసిననాడు పసుపే ఉండె."

"అబద్ధం."

"పసుపే ఉండె. కార్డు మీద ఏడు రంగులుంటయ్. మొదటి మూడు పాలిపోయినయ్, వాటికి కలిస్తే ఫోన్ జెయ్యాలె. నేను పక్కన వెట్టి సూసిన. ఐదో నంబర్‌కు కలిసింది. మూడు పారీలు ఐదుకే కలిసింది."

"మల్ల అబద్ధం. మేడం, జరుగు, నేను ఒక్క మాట గూడ ఇన."

"ఆగు. ఆగు తుకారాం. హన్మవ్వా, దేని మీద చూసినవ్?"

"బట్ట మీద మేడం. మీరు నేర్పినట్టే. పాప కింద ఏసిన బట్ట మీద, ఎండకముందే, ఎలుగుల వెట్టి."

"ఏ బట్ట?"

"గది... పాప బట్టనే."

"ఏ బట్ట హన్మవ్వా?"

"ఇడిసిపెట్టుండ్రి మేడం. తప్పు నాది అన్న గదా. ఇడిసిపెట్టుండ్రి."

"సుకన్య సీర ముక్కలు. గంతకన్న ఏముంటయ్ మా ఇంట్ల? పాత సీర సింపి పాపకు ఏసింది. అయితే ఏంది?"

"ఏ చీర?"

"పసుపు పనికి కట్టుకపోయే సీర. కొమ్ములు ఉడకవెట్టే కాడ, కొమ్ములు ఏరే కాడ కట్టుకుంటది. ఎన్ని పారీలు ఉతికినా పోదు ఆ రంగు. అయితే ఏంది అంటున్న? ఏమైంది మేడం? గట్ల తలుపుకు ఒరిగినవేంది?"

"ఏం కాలేదు."

"మొకం గట్లయిందేంది?"

"ఏం లేదు. రక్తం పోయింది కదా, కళ్లు తిరిగినయ్. చాబి ఇయ్యి."

"రక్తం ఇందాకటి సందే పోతుంది. ఇప్పుడెందుకు తిరిగినయ్ కండ్లు?"

"మేడం, సెప్పకుండ్రి."

"ఏం సెప్పొద్దంటున్నవ్ హన్మవ్వా? ఏందది? ఇద్దరు కలిసి ఏం దాస్తుండ్రు?"

"ఏం లేదు కొడుకా. మేడంకు సుస్తయింది. నన్ను బయటికి రానియ్యి, నన్ను కొట్టు, అయిపోతది."

"హన్మవ్వా, చాలు."

"మేడం, మీకు పెద్ద నౌకరి ఉన్నది. ఊర్లకు ఊర్ల పిల్లలున్నరు మీ చేతుల. నాకేమున్నది? సెప్పకుండ్రి."

"మేడం, ఇంకొక్క దెబ్బకు తలుపు గాదు, తల. సెప్పు."

"చెప్త. తుకారాం, తెల్లటిది పసుపు బట్ట మీద పడితే తెల్లగ కనవడదు. తడికి బట్టల రంగు దిగి పసుపే కనవడుతది. హన్మవ్వ అబద్ధం చెప్పలే. ఆమె చూసింది పసుపే. నీ ఇంట్ల, ఈ దిక్కు సగం ఇండ్లల్ల, ఏ పాప బట్ట మీద చూసినా అది పసుపే."

"అయితే... అయితే ఆమె తప్పు గాదా?"

"కాదు."

"మరి ఎవలది మేడం? తప్పు ఒగలది ఉండాలె గదా. ఎవల తప్పు లేకుంట నా బిడ్డ సస్తదా?"

"ఇదే హాల్ల, ఐదు నెలల కింద. నలభై మంది కూసున్నరు. హైదరాబాద్ నుంచి పెద్ద సార్లు వచ్చిండ్రు, నేను ఎట్ల నేర్పుతున్ననో చూడనీకి. ఆఖరు వరుసల నుంచి హన్మవ్వ లేచింది. 'మేడం, మా దిక్కు పసుపు పని ఇండ్లల్ల బట్టలన్నీ పసుపే గదా, దాని మీద రంగు గుర్తువట్టుడెట్ల' అని అడిగింది."

"మేడం, వద్దుండ్రి."

"నేను నవ్విన. 'బట్టను కాదు హన్మవ్వా, బట్ట మీద ఉన్నదాన్ని చూడాలె' అన్న. సార్లు నవ్విండ్రు. అందరు నవ్విండ్రు. ఆమె కూసున్నది. మళ్ల ఎన్నడు ఏం అడగలే. ఒక్క తెల్ల గుడ్డ ఇస్తే అయిపోతుండె. ఇంటికో తెల్ల గుడ్డ. రీసెర్చ్ కాగితంల ఒక గడి ఉంటది, శిక్షణల ఎవలన్న ఏమన్న అడిగిండ్రా అని. ఎవరూ ఏమీ అడగలేదు అని రాసిన. నా చేత్తోనే, కిందనే సంతకం. ఇగో, ఈ తెగిన చేత్తోనే. తప్పు ఒకలది ఉండాలె అన్నవ్ కదా, ఉన్నది. ఇటు తిరుగు. కొట్టేదుంటే ఇటు కొట్టు. గని ముందు చాబి కిటికీలకెల్లి డ్రైవర్ పరమేశ్వర్‌కు అందియ్యి. బండి కదలనీ. నేను ఏడికి పోను, ఈడనే నిలవడుత."

"మేడం? సప్పుడు లేదేంది? మేడం, ఉన్నరా?"

"ఉన్న హన్మవ్వా."

"కత్తి?"

"ఆయన చేతులనే ఉన్నది."

"తుకారాం, కొడుకా, వద్దు బిడ్డా. ఆమె ఒక్కతే తెల్సినామె మనకు. పాపతోని పోవాల్సినామె. ఇంటున్నవా?"

"ఇంటున్న. ఇగో చాబి."

"పరమేశ్వర్, కిటికీ దగ్గరకు రా. పట్టుకున్నవా? స్టార్ట్ చెయ్యి. హన్మవ్వను గూడ ఎక్కించుకోవాలె, నిజామాబాద్‌ల దింపి చేతికి కట్టు కట్టిద్దం. నడువు తుకారాం, పాపకు రక్తం ఇయ్యాల్సి వస్తె నువ్వు గూడ ఉండాలె."

"మీరు పోండ్రి మేడం. నేనుంటే సుకన్య ఆ బండిల కూసోదు."

"ఎందుకు కూసోదు? నీ భార్యనే కదా."

"ఆమె బోరింగ్ కాడ జారిపడలే. నెల కింద పాపను నా తెల్ల తువ్వాల మీద పండవెట్టింది, ఇగో సూడు, తెల్లగ పోతుంది, దవాఖానకు తీస్కపోదం అన్నది. ఆశమ్మ పసుపని రాసినంక నీకేం తెల్సే అన్న. మల్ల అన్నది. మీరు నవ్విండ్రు మేడం, నేను పన్ను రాలగొట్టిన."