జోజి కట్టిన ఎర్ర రిబ్బను

"పెద్దబాపూ, రేపు మా బాపు సంవత్సరం పూజకు ఆ కొమురయ్యను ఎందుకు పిలిచినవు? మా బాపును సంపినోణ్ని?"

కూసో బిడ్డా. ముందుగాల కూసో, స్టెల్లా. నిలబడి ఇనే మాట కాదిది. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది, ఇగో ఈ ప్లాస్టిక్‌ది గుంజుకో. ఆఁ.

పిలిచిన. నిజమే, నేనే పిలిచిన. నిన్ను అడగకుంట పిలిచిన, నీకు కోపం రావాలె, వచ్చింది, దాంట్ల తప్పేం లేదు. పూజ మీ బాపుది, రేపు తినేది మీ ఇంటి అన్నం. నువ్వు వద్దంటే ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్త. కని అంతకంటె ముందు జర నా మాట ఇను. మీ బాపు ఏం పని చేసిండో నీకు ఎవ్వలు సక్కగ చెప్పలే. నువ్వు చిన్నప్పుడు హాస్టల్ల ఉంటివి, తర్వాత నర్సింగుకు పోతివి. నెక్కొండల వాణ్ని ఇమానం జోజి అనేటోళ్లు. వాడు పోయినంక కొందరు ఏమంటాండ్రో తెలుసా? గాలిల ఎగిరే గన్ని ఇమానాలు బాగుచేసినోడు బాయికాడి మోటరుకు సచ్చిండు, ఏం పని నేర్చిండో ఏందో, అంటాండ్రు. నీ ముంగట అనరు. నా ముంగట కూడ అనరు, కని ఎన్క అంటరు, నాకు ఇనొస్తది. కడుపు మండుతది బిడ్డా. ముసలోన్నయి ఊకున్న గని.

మేమిద్దరం అన్నదమ్ములం మిషన్ బడిల సదివినోళ్లమే. ఫాదర్ గారు నన్ను ఐటీఐల ఏపిచ్చిండు, ఎలక్ట్రీషియన్ కోర్సు. నాలుగేండ్లకు మల్ల వాణ్ని... నాలుగా, అయిదా, అంతే ఉంటది. అప్పుడు కాజీపేట దాక ప్యాసింజర్ బండికి టికెట్ అంటే రెండు చాయల పైసలు, ఇప్పటోళ్లకు చెప్తే నవ్వుతరు. హైదరాబాదుల ఒక ఇమానాల కంపెనీ, పేరెందుకు తియ్, అది ఇప్పుడు లేనే లేదు. నేను ముందు చేరిన, తర్వాత వాణ్ని తీస్కపోయి పెట్టిచ్చిన. మీ నాయినమ్మ ఏమనుకున్నదో ఎరుకేనా? మేమిద్దరం ఇమానం నడుపుతానమనుకున్నది. చర్చిల అందరికి అట్లనే చెప్పింది. మేం పోయి కాదమ్మా అంటే, ఊకో, నీకు సిగ్గెక్కువ అన్నది నన్ను.

మాది కరెంటు పని. ఇంజన్లు, రెక్కలు వేరేటోళ్లయి. లైట్లు, పంపులు, రిలేలు, వైర్లు మాయి. ఇమానంల వైరు ఎంతుంటదనుకున్నవు, గోడ ఎన్క, కాళ్ల కింద, నెత్తి మీద, ఏడ జూసినా వైరే. ఇమానం అదిరినప్పుడల్ల ఆ వైరు ఊగుతది. ఊగి ఊగి ఇనుప క్లిప్పుకు ఒరుసుకుంటది, తోలు లేస్తది, లోపటి రాగి బయటవడ్తది. పైకి ఏం కనవడది. కూసున్నోళ్లు జ్యూసు తాగుకుంట కూసుంటరు. ఆ రాగి ఇంకో రాగికి తాకిందంటే మంటే. గందుకని బాత్‌రూం ఎన్క రేకులిప్పి, పండ్ల డాక్టరు అద్దం లేదా, గసొంటిది ఒకటి లోపట పెట్టి, టార్చి కొట్టి, ఇంచు ఇంచు సూడాలె. అనుమానం వచ్చిందా, ఆ ముక్క తీసెయ్యి, కొత్తది పెట్టు. మన ఇంట్ల మిక్సీకి టేపు సుట్టి ఎల్లదీస్తం సూడు, గది నడవది ఆడ. మీ పెద్దమ్మ కొత్త మిక్సీ కొనుమని నన్ను ఎన్నేండ్లు తిట్టింది, ఇమానానికి కొత్తయి పెడ్తవు, నాకు టేపు సుడ్తవు అని.

ఏం చెప్తాన నేను... ఆఁ, రిబ్బను.

పని మొదలు పెట్టేటప్పుడు ముందుగాల ఆ లైనుకు కరెంటు బందు చెయ్యాలె. చేసి, ఆ స్విచ్చుకు ఎర్రటిదొకటి కట్టాలె. పొడుగు రిబ్బను, మీద తెల్లగ ఇంగ్లీషు అక్షరాలు. అది ఏలాడుతాందంటే లోపట ఎవలో మనిషున్నడన్నట్టు. దాన్ని ఇగ ఎవ్వలు ముట్టరు. ఇంజినీర్ సాబు ముట్టడు, కెప్టెన్ ముట్టడు. కట్టినోడే ఇప్పాలె. ఇది మాకు మొదటిరోజే చెప్తరు, ఇగ రిటైరయ్యేదాక అదే.

ఒకపారి ఏమైందంటే, ఎండకాలం, జనం అందరు ఎక్కి కూసున్నరు. ఏసీ లేదు, చెమటలు కారుతానయి. దాంట్ల ఒక పెద్ద లీడరుండె, లొల్లి లొల్లి చేస్తాండు. మేనేజరు ఉరికొచ్చిండు. ఎందుకు లేటంటే ఎర్రది ఏలాడుతాంది, జోజి కింద పొట్టల దూరి ఉన్నడు. సన్నటోడు గదా, మేం పట్టని సందుల వాడు పట్టేది. ఆ ఎర్రది తియ్యండి, పోనియ్యండి అని మేనేజరు మొత్తుకుంటాండు. కెప్టెన్ రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. కట్టినాయన రావాలె అన్నడు. గంతే, ఇంకో మాట లేదు. మీ బాపు నూనె మొకంతోటి ఎక్కొచ్చి, తన చేతులతోటి ఇప్పినంకనే ఇమానం కదిలింది. ఆ దినం రూముకొచ్చి అన్నం తినుకుంట అంటడు, అన్నా, అంత పెద్ద లీడరు నా గుడ్డ ముక్కను దాటలేకపోయిండే, అని. ఎంత సంబురపడ్డడో. మన ఊర్లె మా నాయినను పేరు పెట్టి పిలిచినోడే లేడు బిడ్డా, ఒరేయ్ అనుడే. అసొంటి ఇంట్లకెల్లి పోయినోడు, వాని ప్రాణానికి ఆడ గంత ఇలువ ఇచ్చిండ్రు. గది వాని మనసుల పడ్డది.

ఇంకోటి కూడ ఉండె. ఒకడు చేసిన పనిని ఇంకోడు సూడాలె. నువ్వు చెప్పినవు గదా, మీ దవాఖానల రక్తం ఎక్కిచ్చేటప్పుడు ఇద్దరు నర్సులు సూస్తరని. అట్లనే. వాడు బిగిస్తే నేను సూసేది. అన్నదమ్ములు ఒకల పని ఒకలు సూసుడేందని ఇంజినీర్ సాబు ముందు ఒప్పుకోలే. తర్వాత మేం కొట్లాడుకునుడు సూసి, మీరే మంచిగున్నరు, మీరే చేసుకోండ్రి అన్నడు. ఎందుకంటే నేను వాని పనిల తప్పు దొరుకుతదా అని సూసేటోన్ని. దొరకనిస్తడా వాడు? నాకు మస్తు కోపమొచ్చేది.

తర్వాత నేను రిటైరైన, వరంగల్ వచ్చిన. వానికి ఇంక సర్వీసుండె. కంపెనీ మునిగింది. ఒకనాడు పొద్దుగాల పోతే గేటు కాడ పాసు గుంజుకున్నరట. రేపటికెల్లి రావద్దన్నరట. లోపట ఇమానం మీద సగం పని ఇప్పి పెట్టొచ్చిన అన్నా, కనెక్టర్లకు మూతలన్న పెట్టొస్త అంటే పోనియ్యలే అన్నడు. జీతం రాలేదని ఏడువలే వాడు, దానికి ఏడ్చిండు.

ఇగ ఇంటికి మర్లొచ్చిండు. నెక్కొండల ఏం ఇమానాలుంటయి? బాయి మోటర్లు, స్టార్టర్ డబ్బాలు. రైతులు పిలిస్తే పోయేది. మీ అమ్మ నవ్వుకుంట చెప్పేది, ఫ్యాన్ బిగిచ్చినా ఇంకోలను పిలిచి సూడుమంటడని. ఎవలను పిలుస్తడు, మీ అమ్మ సూస్తదా? గందుకని నాకు వీడియో కాల్ చేసేది. అన్నా, జర ఈ జాయింటు సూడవే అని ఫోన్ దగ్గరికి పెట్టేటోడు. నేను ఈడ మంచంల కూసొని సరె, మంచిగుంది అనేటోన్ని. రైతులు నవ్వేటోళ్లు. వానికి ఫికర్ లేదు.

వాడు పోయిన ఆ వారం నా కన్ను ఆపరేషనాయె. పట్టి కట్టిండ్రు. అన్నను తిప్పల పెట్టొద్దని ఫోన్ చెయ్యలే. చేసినా నేను జాయింటే సూసేది, ఆడ స్విచ్చు కాడ నన్నెవలు నిలబెడ్తరు. ఇది నాకు నేను చెప్పుకుంటనే ఉంట, రోజు చెప్పుకుంట. అయినా నిద్ర రాదు.

ఇగ ఆ దినం సంగతి. నువ్వు సగం ఇన్నవు, మొత్తం ఇను. మక్కచేను అవుతల ఒక రైతుది సర్వీసు వైరు కాలింది. మీ బాపు పోయిండు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ స్విచ్చు కిందికి గుంజి బందు పెట్టిండు. చుట్టుపక్క పొలాలల్ల ఉన్నోళ్లందరికి కేకేసి చెప్పిండు. చెప్పి, ఆ స్విచ్చు రాడ్‌కు ఎర్ర రిబ్బను కట్టిండు. కంపెనీల పాడైపోయిందని పారేస్తే జేబుల ఏసుకొచ్చుకున్న రిబ్బను, అక్షరాలు కూడ సగం పోయినయి. ఏ పనికి పోయినా అది ఎంట తీస్కపోయేటోడు. కట్టి, మక్కచేను దాటిపోయి పని మొదలువెట్టిండు. ఏం తక్కువ చేసిండు చెప్పు. ఏం తక్కువ చెయ్యలే.

కొమురయ్య అప్పుడే ఊర్లెకెల్లి వచ్చిండు. కేకేసినప్పుడు లేడు. వాని నారుమడి ఎండుతాంది. మోటరు ఏస్తే రాలే. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి సూసిండు, స్విచ్చు కిందికుంది, దానికి ఎర్రగుడ్డ ఏలాడుతాంది.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాడ అంతకుముందు కూడ మనుషులు పోయిండ్రు. ఫ్యూజు ఏసుకుంట పోయిండ్రు. గందుకని ఊరోళ్లు దసరకు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడ్తరు, ఇంకోల పాణం తియ్యొద్దని. కొమురయ్య ఎర్రగుడ్డ సూసి, ఎవలో మొక్కు కట్టిండ్రు, కట్టెటందుకు స్విచ్చు గుంజి మల్ల ఎయ్యుడు మర్చిపోయిండ్రు అనుకున్నడు.

నెల మాసికం అయినంక వాడు నా దగ్గరికొచ్చిండు, ఈడికే, ఈ వాకిట్లకే. నేను వాణ్ని సూడంగనే గల్ల పట్టి కొడ్దామని లేచిన. నిజంగ లేచిన బిడ్డా, గీ కట్టె కూడ పట్టుకున్న. వాడు తప్పుకోలే. కొట్టు అన్నా, కొడితే జర నిద్ర పడ్తదేమో అన్నడు. కూసొని చెప్పిండు. చెప్పులిడిసి దండం పెట్టిన అన్నా, అన్నడు. మొక్కు గుడ్డ కింద పడొద్దని మెల్లగ ఇప్పి, పక్కన యాపకొమ్మకు కట్టిన. కట్టి, మల్లొకసారి దండం పెట్టి, స్విచ్చు ఏసిన. అన్నడు.

నేను కట్టె కింద పడేసిన.

ఏమనాలె నేను? ఎవడన్న పొగరుతోటి పీకి పారేసుంటే సంపేటోన్ని, జైలుకు పొయ్యేటోన్ని, ఈ వయసుల నాకేం పోయింది. వాడు చెప్పులిడిసిండు బిడ్డా. మీ బాపు కట్టినదానికి ఇంజినీర్లు, కెప్టెన్లు ఇచ్చిన ఇలువ కంటె వాడు ఎక్కువ ఇలువ ఇచ్చిండు. ఇచ్చి పాణం తీసిండు. నేను ఎవల మీద మొత్తుకోవాలె? గుడి లెక్క మొక్కినోని మీద మొత్తుకోవాల్నా? నాకు ఇప్పటికి సమజ్ కాలే.

ఊరోళ్లు కొమురయ్యకు చెప్పిండ్రు, నువ్వు ఏసినట్టు ఎవలు సూసిండ్రు, కరెంటు అదే వచ్చిందని చెప్పు అని. వాడు పోలీసులకు నేనే ఏసిన అని చెప్పిండు. యాపకొమ్మకున్న రిబ్బను కూడ వాడే సూపిచ్చిండు. అందుకనే మీ బాపుది తప్పు లేదని తెలిసింది. వాడు నోరు మూసుకుంటే, జోజి స్విచ్చు తియ్యకుంటనే పనికి దిగిండని ఊరంత అనేటోళ్లు. నీకు తెల్వని ముక్క గదే. మీ బాపు పేరు నిలబెట్టింది వాడు, తన మీద కేసు ఏయించుకొని.

ఇప్పుడు వాడు స్విచ్చు ముట్టడట. ఇంట్ల లైటు కూడ వాని భార్యనే ఏస్తదట. పొలం కౌలుకిచ్చిండు. పూజ ఎప్పుడన్నా అని అడిగిండు, ఎనుక వరుసల నిలబడి పోత అన్నడు. నేనే అన్న, నిలబడి పోవుడేంది, వచ్చి ఇంత తిని పో అని. అన్నంక భయమైంది, నీకెట్ల చెప్పాల్నో అని. గిప్పుడు నువ్వే చెప్పు. నువ్వు ఏదంటే గదే. నేను నిన్ను తప్పు పట్ట.

"...రానియ్యి పెద్దబాపూ. కని వానికి నేను వడ్డియ్య. నాతోని కాదు."

వద్దు, నువ్వు వడ్డియ్యకు. నేను వడ్డిస్త. ముసలోన్నయినా అన్నం పెట్టరాదా నాకు. నువ్వు వాని దిక్కు సూడకున్నా మంచిదే, మాట్లాడకున్నా మంచిదే. వాడు ఏమనుకోడు.

ఏడువు బిడ్డా. దస్తీ ఇగో. ఏడాదాయె, ఆ దినం దవాఖాన కాడ కూడ నువ్వు ఏడువలే, అందరికి నీళ్లిచ్చుకుంట తిరిగినవు. నేను సూసిన. ఏడువు, ఈడ ఎవ్వలు లేరు, నేనే ఉన్న. సల్లగ బతుకు తల్లీ... నీ పిల్లలు సల్లగుండాలె... మెల్లగ, మెల్లగ.