పాచిక గాల్లో ఉండగానే

"కథ చెప్తుంటే ఫోన్‌ల తలకాయ పెడ్తవేందిర కరుణాకర్? పెద్దోళ్ళ ముంగట గిట్లనేనా కూసునేది? బంద్ చేసి జేబుల పెట్టు. ఇసుంటి ముచ్చట మళ్ళ ఎవ్వడు చెప్పడు నీకు!"

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో, ఆశన్న చాయ్ బండి పక్కన బెంచీ మీద కూర్చుని ఫణికిరణ్ ఇలా గదమాయించాడు. కరుణాకర్ గమ్మున ఫోను జేబులో వేసుకున్నాడు. ఎదుటివాడికి నడత నేర్పడంలో ఫణికిరణ్ ఎప్పుడూ వెనకాడడు. తన నోటిని అదుపులో పెట్టుకోవడమే అతనికి చేతకాని పని.

ఆ సాయంత్రం అతనికి ఒక కుర్చీ కావాలి. ప్రతి ఆదివారం చిక్కడపల్లిలో జగదీశ్వర్ మేడ మీద ఒక ఆట నడుస్తుంది. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వీరుణ్ణి కల్పించుకుని, ఇరవై ముఖాల పాచిక వేస్తూ దొంగలతో, భూతాలతో పోరాడే ఆట. ఆ దొంగల్నీ భూతాల్నీ ఆడించడానికి, తగువొస్తే తీర్పు చెప్పడానికి ఒకరు బల్ల కొసన కుర్చీలో కూర్చుంటారు. ఇన్నాళ్ళూ జగదీశ్వరే కూర్చున్నాడు. ఇక ఆదివారాలు కాచిగూడ దుకాణంలో ఉండాల్సి వచ్చింది కనుక, ఆ కుర్చీ ఎవరిదో ఇవాళ చాయ్ దగ్గర తేల్చేద్దామన్నాడు. పోటీకి ఉన్నది అదే బెంచీ మీద జగదీశ్వర్ పక్కన కూర్చున్న సంయుక్త ఒక్కతే. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. అందుకే మాటలతో గెలుద్దామని ఫణికిరణ్ ముందే అందుకున్నాడు.

ఆ బల్ల దగ్గర 'జవాబు' అని ఒక మాట ఉంది. మన వంతు కానప్పుడు శత్రువు మీదికొస్తే, అరచేత్తో బల్ల చరిచి "జవాబ్!" అనాలి. అప్పుడు డాలు అడ్డం పెట్టో పక్కకు దూకో దెబ్బ తప్పించుకోవచ్చు, లేదా వెనుదిరిగి పారిపోయేవాడి వీపున ఒకటి వెయ్యొచ్చు. రెంటిలో ఒకటే. మళ్ళీ మన వంతు వచ్చేదాకా ఇంకో జవాబు లేదు.

"పోయిన వానాకాలం అడిక్‌మెట్‌ల దోస్తు రూముల ఆడినం. మీరెవ్వరు లేరు గద, అందుకే చెప్తున్న. గుహల ఒక దొంగ నా వీరుడు వజ్రబాహు మీద కత్తి లేపిండు. ఆట నడిపేటోడు పాచిక ఎగరేసిండు. జవాబ్ అన్న. డాల్ అడ్డం పెట్టిన. ఖణేల్!"

ఇంతవరకు నిజమే. ఇక్కడితో ఆపితే ఆ కుర్చీ అతనికే దక్కేదేమో. కానీ అందరూ తనవైపే చూస్తున్నారు, అది అతనికి తీపిగా ఉంది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దొంగ మర్లబడి ఉరికిండు, నేను ఊకుంటనా, మళ్ళ జవాబ్ అన్న, ఈపుల ఒక్కటి దించిన. పాచిక ఇంకా గాల్లనే ఉంది!"

"రెండోదా అన్న?" అంది సంయుక్త.

"చెయ్యి వేగం చెల్లె, చెయ్యి వేగం. విను ముందుగాల. గుట్ట మీదికెళ్ళి వాని మనుషులు బాణాలిడిసిండ్రు, ఆకాశం మసక మసకయింది. జవాబ్! ఒక్కొక్క బాణాన్ని డాల్‌తోని మర్లగొట్టిన. అవి పొయ్యి ఎవ్వడిడిసిన బాణం వానికే తగిలినయ్, ఒక్కటన్న అడ్రస్ తప్పలే. ఇగ చప్పుడుకు డ్రాగన్ లేసింది. అగ్గి ఊదింది. జవాబ్ అన్న. అది నా జవాబుకు జవాబిచ్చింది. దాని జవాబుకు నేనిచ్చిన. గట్ల సాగుతనే ఉంది. మా దోస్తు వాళ్ళమ్మ ఉప్మా తెచ్చింది, తిన్నం, చేతులు కడుక్కున్నం. పాచిక ఇంకా..."

"గాల్లనే ఉంది," అన్నాడు కరుణాకర్.

"అన్నా, ఆ పాచిక పడేలోపల చాయ్ సల్లగయితది," అన్నాడు ఆశన్న.

"తాగుత తియ్! ఆఖరుకు పాచికే పరేషానయి, నా అరచేతిల వచ్చి కూసుంది. ఇరవై! డ్రాగన్ తలకాయ వంచి, తప్పయింది అన్నా, నిన్ను ఇంటికాడ దింపుత అన్నది. దాని మెడ మీద కూసుని నారాయణగూడ చౌరస్తా దాంక వచ్చిన. హెల్మెట్ లేదని పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టిండు. జవాబ్ అన్న! చలాన్ చింపేసి సలాం కొట్టిండు."

బెంచీ ఊగేలా నవ్వారందరూ. కుర్చీ తనదేనని ఫణికిరణ్ అనుకున్నాడు.

"బాగుంది అన్న," అంది సంయుక్త. "ఒక్కటి చెప్పు. రేపు నువ్వు కుర్చీల కూసుంటే గిదే నడుస్తదా? ఎన్ని జవాబులైన?"

ఫణికిరణ్ చాయ్ గ్లాసు అందుకున్నాడు. నడవదంటే కథంతా కూలిపోతుంది. నడుస్తుందంటే తప్పు తీర్పవుతుంది. ఒక్క క్షణం నిజం నాలుక దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నడుస్తది. నాది తీర్పు. దమ్మున్నోనికి ఎన్నైన."

"అయితే జర నీ వజ్రబాహుతోనే ఆడి సూద్దం. నేనొక పండ్లూడిన ముసలి తోడేలును తెస్త." సంయుక్త సంచిలోంచి పాచిక తీసింది.

వజ్రబాహు కత్తి విసిరాడు. ఆమె బెంచీ చరిచింది. "జవాబ్." తోడేలు పక్కకు దూకింది. ఫణికిరణ్ నవ్వి, వీరుణ్ణి వెనక్కి నడిపించాడు. "జవాబ్." తోడేలు పిక్క పట్టింది. అతను డాలు ఎత్తి పారిపోబోయాడు. "జవాబ్." డాలు పట్టిన చెయ్యి కొరికింది. రెండేళ్ళుగా పెంచుకున్న వీరుడి ప్రాణం కొసకొచ్చింది. ఫణికిరణ్ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏయ్ ఆపు! గదేం అన్యాయం? ఫస్ట్ దూకినప్పుడే దాని జవాబ్ అయిపోయింది. రౌండుకు ఒక్కటే!"

ఆ రూలు చెప్పి తన తీర్పును తనే కొట్టేసుకున్నాడని ఫణికిరణ్‌కి కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"ఇప్పుడు చెప్పినవ్ సరైన రూల్," అన్నాడు జగదీశ్వర్. "కాని చానా లేటయింది."

"మరి డ్రాగన్ అన్నా?" అన్నాడు కరుణాకర్. ఆశన్న నవ్వు ఆపుకోలేక పాలగిన్నె దింపేశాడు.

"సరే, ముచ్చటకు చెప్పిన," అని ఫణికిరణ్ కూర్చున్నాడు. "ఈ ఆట లెక్కల పెట్టకుండ్రి."

"ముచ్చటకు చెప్పింది వేరే. తీర్పని అన్నది వేరే," అన్నాడు జగదీశ్వర్. "నీ నోటితోని తీర్పిచ్చినవ్. ఈ పోరు దాని మీదనే సాగుతది. ఆ తర్వాత ఆ తీర్పు ఎవ్వరికి ఉండదు. సంయుక్తా, వచ్చే ఆదివారం కెళ్ళి కుర్చీ నీది. ముందుగాల దీన్ని తెంపు."

సంయుక్త బెంచీ చరిచి పాచిక వేసింది.

పండ్లూడిన తోడేలు నోట వజ్రబాహు చచ్చిపోయాడు. ఆదివారం నుంచి ఫణికిరణ్ బల్ల చివర స్టూలు మీద కూర్చుని, పేరులేని గొర్రెల కాపరితో ఆట మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాడు. అతను "జవాబ్" అన్న ప్రతిసారీ కరుణాకర్ అడుగుతున్నాడు, "ఎన్నోది అన్నా?"