నడుం నొప్పి మీద ఆశ

షోరూంలోని కొత్త కారులో సీటు వెనక్కి వాల్చి భర్త కళ్ళు మూసుకున్నాడు. వారమంతా దూరపు ఊళ్ళో ఉద్యోగం చేసి, ఆ ఉదయమే పాత కారు నడుపుకుంటూ ఇల్లు చేరాడు. పక్క సీట్లో భార్య కూర్చుంది.

"ఇందులో ఎంత దూరం నడిపినా నడుం ఉన్నట్టే తెలీదే."

"ఇది వద్దండి."

"ఏం, రంగు నచ్చలేదా?"

"సీటు మరీ బాగుంది."

"నా నడుం మీద నీకేం పగే?"

"పగ కాదు, ఆశ. నొప్పి భరించలేకైనా ఇక్కడికి బదిలీ అడుగుతారని ఇన్నేళ్ళూ చూశాను. ఇది కొంటే ఇక అడగరు."

అతను సీటు మళ్ళీ నిటారుగా లేపాడు.

"పదండి, దిగుదాం."

"దిగలేనే, నడుం పట్టేసింది. కాస్త చెయ్యివ్వు."

ఆమె దిగి అతని వైపు వచ్చింది. "బదిలీ అడుగుతానంటేనే."

"అడుగుతానే తల్లీ, ముందు లాగు."

"పోయినేడూ ఇదే మాటన్నారు," అంటూనే ఆమె రెండు చేతులూ ఇచ్చింది.