జాలి మీది బొట్టు

గట్ల గోడ దిక్కు తిరిగి కూసుంటే అయిపోతదా అత్తమ్మా? పొద్దటి సంది అడుగుతున్న, ఒక్క మాట చెప్పుండ్రని. మీ కొడుకు నా మాట ఇనడు. మీరు చెప్తే ఇంటడు. ఇంకెన్ని తీర్ల బతిలాడాలె?

ఏంది, స్రవ్యా లొల్లి బంద్ చెయ్యి అంటరా? లొల్లి నేను చేస్తున్ననా? ధూల్‌పేట్ మెస్సుల వంట చేసే వైకుంఠం రెండు చేతులు కాలి దవాఖానల పడ్డడు. గ్యాస్ లీకైంది. మనం చేసి అమ్మిన అలారం డబ్బ అక్కడనే గోడకున్నది. గ్యాస్ వాసన తగిలితే మోగాలని గద దాన్ని కొన్నది? మోగలే. నేను చూడవోతే ఆయన పెండ్లాం కాశమ్మ ఒక్కటే అడిగింది, డబ్బ ఎందుకు మోగలేదమ్మా అని. ఇప్పి చూసి చెప్తనని వచ్చిన.

మీ కొడుకుకు మాత్రం మస్తు అల్కగ దొరికింది జవాబు. "మా ఆమె పెట్టిన పూత ఫెయిలైంది" అని అందరికీ చెప్పుకుంట తిరుగుతున్నడు. ఎంత సుఖం చూడుండ్రి.

ఆ పూత కోసం నేను పడ్డ తిప్పలు మీకు తెల్వదా? ఇడ్లీ గుండిగెల ఆవిరి, బిర్యానీ దమ్ము ఆవిరి. అది తగిలి, గ్యాస్‌ను పసిగట్టే సెన్సర్ లోపట సన్నటి ఎలక్ట్రోడ్లు తుప్పువట్టి చెడిపోతుండె. వానాకాలం వస్తే చాలు, గిరాకీలు డబ్బలు తెచ్చి మన మొఖాన కొడుతుండిరి. అందుకే ఈ ఇంటి మీది రేకుల రూముల కూసోని పొర మీద పొర పెట్టిన. ఎలక్ట్రోడ్ల మీద గట్టి పొర. దాని మీద కంటికి కనవడని బొక్కల పొర. డబ్బ ముందటి సన్న తీగల జాలి మీద నీళ్ళు నిలువని పొర. గ్యాస్ పోవాలె, నీళ్ళు పోవద్దు. చెప్పుడు అల్కనే. మందమైతే గ్యాస్ పోదు, పల్చగైతే ఆవిరి ఆగదు. ఎన్ని పారేసిననో లెక్క లేదు. కోడలుపిల్ల తిండి గూడ తింటలేదని మీరే అంటుండిరి. ఆఖరికి కుదిరింది. నీళ్ళు చల్లితే జాలి మీద గోళీల లెక్క జారిపోతుండె.

గక్కడనే వచ్చింది మోసం.

దసరా నాడు పూజ చేసిండ్రు. మిషన్లకు, తక్కెడకు, గల్లాకు, అన్నిటికి బొట్లు. మీ అత్తగారి కాలం నుంచి ఉన్న పద్ధతి, నేనెందుకు వద్దంట? డబ్బలకు గూడ పెడ్తమంటే, వెనక మూత మీద పెట్టుండ్రి అత్తమ్మా అని చెప్పి వాకిట్ల ముగ్గెయ్యనీకి పోయిన. మీకు నా మాట ఆనలే. బొట్టు ఎవలన్న వీపుకు పెడ్తరా, మొఖానికే గద పెట్టేది అన్నరట. జాలే దాని మొఖమని జాలికి పెట్టిండ్రు.

నీళ్ళల్ల తడిపిన బొట్టు పెడితే నిలవలే. జారి కిందవడ్డది. పడుతది మరి, నీళ్ళు నిలువొద్దనే గద పూత పెట్టింది? మీకేమో బొట్టు రాలుడు అపశకునమాయె. నువ్వుల నూనె తెప్పిచ్చి, అండ్ల పసుపు కలిపి, ఒక్కొక్కదానికి వేలుతోటి రుద్ది రుద్ది పెట్టిండ్రు. నీళ్ళను ఆపే పూత నూనెను ఆపదత్తమ్మా. బొక్కబొక్కల నూనె దిగింది, పసుపు కూసున్నది. గ్యాస్ పోయే తొవ్వ లేకపాయె.

నాకెట్ల ఎరుక అంటరా? ఆ నాడు పళ్ళెం పట్టుకున్న సుశీల చెప్పింది. మన ప్యాకింగ్ సుశీలనే, ఇంకెవరు? అయినా నమ్మలే నేను. మెస్సు డబ్బ తెప్పిచ్చి ఇప్పి చూసిన. లోపట అంత పసుపు పచ్చగ ఉన్నది.

కోపమున్నది, ఎందుకు దాచాలె? ఎవరో చేసిన దానికి నా పని మీద మన్ను పోస్తుంటే కడుపు మండదా? కాని ఇప్పుడు నా ఫికర్ అది గాదు. బొట్లు పెట్టిన మాల్ అంత అమ్ముడువోయింది. ఎవరెవరి వంటిండ్లల్లనో గోడకు వేలాడుతున్నయి. డబ్బ ఉన్నది గద అని వాళ్ళంత బేఫికర్‌గ పండుకుంటున్నరు.

వాపసు తెప్పియ్యమంటే మీ కొడుకు ఏమంటడు? వచ్చే మాల్‌కు పూత మారుస్తం, అయిపాయె అంటడు. పసుపు సంగతి ఎత్తితే, మా అమ్మ చేసిన పూజకు తప్పు వడతవా అని మీదికి లేస్తడు. నేనే చెప్తమంటే, ఏ దుకాణపోళ్ళు ఎవరికి అమ్మిండ్రో నాకేం తెలుసు? ఆ లెక్కలన్ని ఆయన చేతులనే ఉన్నయి. మీరు "బిడ్డా, నూనెల కలిపింది నేనే, అన్ని వాపసు తెప్పియ్యి" అంటే చాలు, ఇయ్యాలనే ఆటోలు పంపుతడు. గంతే అడుగుతున్న. పూత మంచిదని చెప్పమంటలేను. నా పేరు పోతే పోనియ్యుండ్రి.

ఏందీ? పసుపుతోటి ఎన్నడన్న కీడు అయితదా అంటరా?

సరే. కాదు. మీరే కరెక్ట్.

మరి మన వంటింట్ల డబ్బకు గూడ ఆ నాడు మీరే బొట్టు పెడితిరి గద. వైకుంఠం సంగతి ఇంట్ల తెలిసిన తెల్లారి చూసిన, దాని మీద పసుపు లేదు. జాలి తళతళ మెరుస్తున్నది. మోరి కాడ మీ పాత చీర పేలిక సబ్బు నీళ్ళల్ల నానవెట్టి ఉన్నది, పచ్చగ.

ఎవరు తుడిచిండ్రని అడుగుత లేను. ఇంట్ల ఆడోళ్ళం ఇద్దరమే.

తుడిస్తే పోయిందనుకున్నరు. పోలే. పొద్దుగాల లైటర్ గ్యాస్ దాని ముందట వదిలి చూసిన, చప్పుడు లేదు. నేను గూడ ఏం జేసిన? ఎవరికీ చెప్పకుంట సిలిండర్ బంద్ చేసి వచ్చిన. మనిల్లు మటుకు బచాయించుకున్నం అత్తమ్మా, మీరు జాలి తుడిచి, నేను సిలిండర్ తిప్పి. మిగిలినోళ్ళ సంగతి మీ ఇష్టం. కూసోండ్రి గట్లనే.